విప్పిన రేకు

రంపం మిషను మీద చెక్కకి గాడి తియ్యడం చూడ్డానికి నెమ్మదైన పని, అందుకే దాని దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి అనేది మేరీ. పలకని ఈ చివర నుంచి ఆ చివరకి రెండుగా కోస్తున్నప్పుడు బ్లేడు కళ్ళెదుటే ఉంటుంది, చెయ్యి దానంతటదే దూరం జరుగుతుంది. గాడి తీసేటప్పుడు అలా కాదు. బ్లేడు వేలెడు ఎత్తు కూడా లేవదు, పైగా చెక్క కింద దాక్కుంటుంది. మనిషికి కనిపించేది ఒక పలక, దాని మీద తన రెండు చేతులు.

ఈ మాటలు శేషగిరి రెండేళ్ళ పాటు మేరీ షెడ్డులో విన్నాడు. ఆవిడ ముప్పై ఏళ్ళు బళ్ళో చెక్కపని నేర్పి రిటైరైంది. శనివారాలు నలుగురైదుగురు పెద్దవాళ్ళని పిలిచి ఇంటి దగ్గరే నేర్పేది. శేషగిరిది పార్వతీపురం. ఐర్లండ్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. శాండీఫోర్డ్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసే టీమ్‌కి మేనేజరు. వారమంతా చేసిన పని శుక్రవారం సాయంత్రానికి చేతికి తగిలేలా ఏమీ మిగలడం లేదనిపించి, నలభై నాలుగో ఏట ఆవిడ దగ్గర చేరాడు. మూడో ఏడు తన ఇంటి వెనక షెడ్డులో బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు లేచే టేబుల్ సా సొంతంగా పెట్టుకున్నాడు.

నేర్చుకోవడం మాత్రం గట్టిగా నేర్చుకున్నాడు. టేబుల్ సా బ్లేడు వెనకాలే, దాన్ని అంటుకున్నట్టు ఒక ఉక్కు రేకు నిలబడి ఉంటుంది. కోసిన చెక్క మళ్ళీ మూసుకుని, తిరుగుతున్న బ్లేడుని పట్టెయ్యకుండా ఆ రేకు చీలికని తెరిచి ఉంచుతుంది. పట్టేసిందంటే చెక్క మనిషి మీదకి ఎగిరొస్తుంది, దాని మీదున్న చెయ్యి బ్లేడు మీద పడుతుంది. బ్లేడుని పైనుంచి కప్పే తొడుగు కూడా ఆ రేకుకే బిగించి ఉంటుంది. చిక్కేమిటంటే గాడి తియ్యాలంటే ఈ రెండూ విప్పాలి. అవి అడ్డుంటే పలక ముందుకి పోదు. విప్పినంతసేపూ పలకని చేత్తో కాకుండా తోపుడు దిమ్మలతో నెట్టాలి. పక్కనుంచి అదిమిపట్టడానికి దువ్వెనలా పళ్ళున్న పలక బిగించుకోవాలి. లోతంతా ఒక్కసారే తియ్యకుండా రెండు మూడు విడతల్లో తియ్యాలి. బ్లేడు వెనక వైపుకి చెయ్యి పోనివ్వకూడదు. ఆఖరి గాడి అవగానే ప్లగ్గు పీకి, రేకూ తొడుగూ మళ్ళీ బిగించాలి.

"అది మాత్రం తరవాత చేద్దామనుకోకు. తరవాత కోసేది నువ్వే అవుతావని ఏముంది?" అనేది మేరీ.

త్రినాథ్‌ది బొబ్బిలి. శేషగిరి కంటే పదేళ్ళు చిన్నవాడు. అతని ఆఫీసూ శాండీఫోర్డ్‌లోనే. లువాస్ ట్రామ్‌లో శేషగిరి ఫోన్లో మాట్లాడుతుంటే విని, "మీది మా వైపేనాండీ" అని పలకరించాడు. ఆ పలకరింపు రెండిళ్ళ రాకపోకలైంది. అప్పటి నుంచీ అన్నయ్యా అనే పిలుపు. అతని భార్య శ్రీలేఖ, నాలుగేళ్ళ కూతురు రమ్యశ్రీ. ఆ వేసవిలో వాళ్ళు ఇల్లు కొనుక్కున్నారు. పాప గదికి పుస్తకాల అలమర తను చేసిస్తానన్నాడు శేషగిరి. "అయితే నేనూ చెయ్యి వేస్తాను" అన్నాడు త్రినాథ్. అలా అక్టోబరులో మూడు శనివారాలు వచ్చాడు. ఉత్సాహంగా ఉండేవాడు, చెప్పినట్టు చేసేవాడు. తొడుగు కింద నాలుగైదు పలకలు కోశాడు కూడా.

నాలుగో శనివారం పొద్దున్న వాన. శ్రీలేఖ, శేషగిరి భార్య సావిత్రి వంటింట్లో ఉన్నారు. పాప అక్కడే బొమ్మలు వేసుకుంటోంది. షెడ్డులో శేషగిరి అలమర పక్కపలకలకి గాళ్ళు తీస్తున్నాడు. అరలు ఆ గాళ్ళలో కూర్చోవాలి. రేకూ తొడుగూ విప్పి గోడవారగా ఉన్న బల్ల మీద పెట్టాడు. ఒక్కో గాడీ మూడు విడతల్లో తీశాడు. త్రినాథ్ పక్కన నిలబడి కొలతలు చదువుతున్నాడు. పదకొండు దాటాక ఆఖరి గాడి అయింది. అరపలకని అందులో పెట్టి చూస్తే కదలకుండా కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

అరల అంచులకి ఓకు చెక్క పట్టీలు కావాలి. శేషగిరి ఓకు పలక తెచ్చి, పలకకి ఆనుగా ఉండే అడ్డపట్టీ, ఫెన్స్‌ని కొలతకి జరిపి, బ్లేడు పైకి లేపాడు. అప్పుడు ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి. పొద్దున్న ఎక్కించిన కొత్త వెర్షన్ ఎక్కడో ఆగిపోయిందట.

"ఈ పట్టీ ఒక్కటీ కోసెయ్ త్రినాథ్. కొలత పెట్టేశాను. ఇప్పుడే వస్తా" అని ఇంట్లోకి నడిచాడు.

వంటింటి కిటికీ దగ్గర నిలబడి అవతలి మనిషి చెప్పేది వింటున్నాడు. షెడ్డులో మిషను మొదలైన చప్పుడు వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, రేకు బిగించలేదని. స్పష్టంగా గుర్తొచ్చింది. బల్ల మీద అది పడున్న చోటు కూడా కళ్ళకి కట్టింది. ఫోన్లో మనిషి ఏదో నంబరు చదువుతున్నాడు. ఇది విని వెళ్దాం, ఒక్క నిమిషం అనుకున్నాడు. ఆ నిమిషం గడవకుండానే ఏదో గోడకి కొట్టుకున్న చప్పుడైంది. మిషను మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది.

త్రినాథ్ అరవలేదు. శేషగిరి వెళ్ళేసరికి నేల మీద కూర్చుని, ఎడమ చేతిని కుడి చేత్తో పొట్టకి అదిమిపట్టుకుని ఉన్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది. "పలక వెనక్కి వచ్చేసింది అన్నయ్యా" అన్నాడు, తప్పు చేసినవాడిలా. శేషగిరి మిషను కట్టేశాడు. సావిత్రి తువ్వాళ్ళు తెచ్చి చెయ్యి చుట్టింది. రంపపు పొట్టులో వెతికి, దొరికిన వేళ్ళు తడిగుడ్డలో చుట్టి, కవర్లో వేసి, ఐసు మీద పెట్టింది కూడా ఆవిడే. శ్రీలేఖ పాప మొహాన్ని తన నడుముకి హత్తుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఇరవై నిమిషాల్లో ఆంబులెన్స్ వచ్చింది.

శ్రీలేఖ ఆంబులెన్స్‌లో వెళ్ళింది, వెనకే శేషగిరి కారులో వెళ్ళాడు. ఆపరేషను చాలాసేపు పడుతుందన్నారు. మూడింటికి శ్రీలేఖ, "ఫోను చార్జరూ, నా కోటూ మీ ఇంట్లోనే ఉండిపోయాయి అన్నయ్యగారూ" అంది. తెస్తానని బయల్దేరాడు.

ఇంట్లో సావిత్రి పాపకి అన్నం పెడుతోంది. నెత్తురు కడుగుదామని షెడ్డులోకి వెళ్ళాడు. కడిగాడు. పొట్టు ఊడ్చాడు. బల్ల మీద రేకు కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాచాలి అని అనుకున్నట్టు అతనికి తరవాత ఎప్పుడూ గుర్తు రాలేదు. చేతులు తమకి తెలిసిన పని చేసుకుపోయాయి. ప్లగ్గు పీకి ఉందో లేదో చూశాడు, రేకు బ్లేడుకి సూటిగా నిలబెట్టాడు, బోల్టు బిగించాడు, పైన తొడుగు పెట్టాడు. నాలుగు నిమిషాల పని. తరవాత చార్జరూ కోటూ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

చూపుడు వేలు మొదలంటా పోయింది. మధ్య వేలు సగం. అతికించడానికి వీల్లేకుండా నలిగిపోయాయన్నారు. బొటనవేలు నిలబెట్టారు గానీ అది వంగదు.

రెండ్రోజుల తరవాత శ్రీలేఖ అక్కడే ఉండిపోయిన తమ కారు కోసం వచ్చి, ఆ మిషను ఒకసారి చూస్తానంది. సావిత్రి వద్దంది. అయినా వెళ్ళింది. చాలాసేపు దాన్ని చూసి, తొడుగు మీద వేలు పెట్టింది.

"ఇది ఇలా కప్పి ఉంటే చెయ్యి లోపలికెలా వెళ్ళింది అన్నయ్యగారూ? ఆ రోజు ఇది ఉందా?"

"అది ఎప్పుడూ ఉండేదేనమ్మా" అన్నాడు శేషగిరి.

ఆ ఒక్క మాటే అన్నాడు. మిగతాదంతా ఆమే అల్లుకుంది. త్రినాథే తొడుగు ఎత్తి ఉంటాడు, తొందరపడి ఉంటాడు. ఆసుపత్రిలో శేషగిరి ఎదుటే మొగుణ్ణి అడిగితే, "లేదు లేఖా, అప్పుడు మిషను మీద అలాంటిదేమీ లేదు. నాకు బాగా గుర్తు" అన్నాడు. "నా కళ్ళతో చూసొచ్చాను. ఉంది" అంది ఆమె. అతను శేషగిరి వైపు తిరిగాడు. శేషగిరి మంచం పక్కనున్న మంచినీళ్ళ జగ్గు వైపు చూస్తూ, "ఇప్పుడవన్నీ ఎందుకురా, ముందు తగ్గనీ" అన్నాడు. అంత దెబ్బ తగిలినప్పుడు ముందూ వెనకా జరిగినవి సరిగా గుర్తుండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకుని అందరూ ఊరుకున్నారు. ఆఖరికి త్రినాథ్ కూడా.

ఆ తరవాత శేషగిరి చెయ్యని సాయం లేదు. కట్టు మార్పించడానికి తీసుకెళ్ళాడు, పాపని ప్లేస్కూల్లో దింపాడు, సామాను మోశాడు. శ్రీలేఖ, "మీరు లేకపోతే మా గతేమయ్యేది" అనేది. అతను అవతలికి వెళ్ళిపోయేవాడు. షెడ్డుకి తాళం వేసేశాడు. వేళ్ళ గురించి ఎవరైనా అడిగితే త్రినాథ్ తనే ముందుగా, "నాదే తప్పు, తొడుగు ఎత్తేశానట" అనేవాడు. ఆ 'అట' శేషగిరికి ప్రతిసారీ వినిపించేది. అయినా చెప్పలేదు. నవంబరు పోయింది, క్రిస్మస్ పోయింది. చెప్పాల్సిన రోజు దాటిపోయిందనీ, ఇప్పుడు చెబితే అంతకంత పెద్దదవుతుందనీ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం త్రినాథ్‌నీ పాపనీ స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళడానికి వాళ్ళింటికి వెళ్ళాడు. త్రినాథ్ బయటికొచ్చి తలుపు తాళం వేసి, ఫోన్ తీసి తాళాన్ని ఫోటో తీశాడు. కారెక్కించి పాప సీటు బెల్టు పెట్టి, ఆ బకిల్‌ని ఫోటో తీశాడు. ముందు సీట్లో కూర్చుని ఫోటో చూసుకున్నాడు. మళ్ళీ దిగి వెనక తలుపు తీశాడు.

"డాడీ, యూ టుక్ ఇట్ ఆల్రెడీ" అంది పాప, విసుగ్గా.

"ఏంటి త్రినాథ్ అది?" అన్నాడు శేషగిరి.

త్రినాథ్ సిగ్గుపడ్డట్టు నవ్వాడు. ఫోన్ అందించాడు. తెర మీద వరసగా పొయ్యి మీటలు, తాళాలు, మందు డబ్బాలు, పాప బెల్టు. ఒక్క వారంలో మూడొందల పైచిలుకు. "లేఖకి పూర్తిగా తెలీదు. ఆఫీసులో కూడా అంతే. పంపిన మెయిలు పంపానా లేదా అని పదిసార్లు చూస్తాను. కారు నడపడం మానేసింది చెయ్యి వల్ల కాదన్నయ్యా. సిగ్నల్ ఎర్రగా ఉందనుకుంటాను, నిజంగా ఉందా అని భయం. ఆ రోజు మిషను మీద బ్లేడు తప్ప ఏమీ లేదనే ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. గాళ్ళయ్యాక మీరు బిగించారనే అనుకున్నాను, మీరంతా ఉందన్నారు. అంత పెద్ద వస్తువు కళ్ళ ముందుంటే లేదని చూసిన కళ్ళివి. వీటిని నమ్మి పాపని ఎలా పెంచను?"

శేషగిరి కారు స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపలికి పద" అన్నాడు.

"స్విమ్మింగ్‌కి..."

"వద్దు. లోపలికి పద. శ్రీలేఖ కూడా ఉండాలి."

పాపని మేడ మీద టీవీ ముందు కూర్చోబెట్టారు. వంటింట్లో ముగ్గురూ మిగిలారు. శేషగిరి కూర్చోలేదు.

"ఆ రోజు రేకు లేదు, తొడుగు లేదు. గాళ్ళ కోసం నేనే విప్పాను. మళ్ళీ బిగించకుండా నిన్ను కొయ్యమన్నాను. నీకు ఆపరేషను జరుగుతున్నప్పుడు ఇంటికెళ్ళి బిగించాను. నువ్వు చూసింది నిజం" అన్నాడు.

శ్రీలేఖ చేతిలో గిన్నె ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది. త్రినాథ్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. తరవాత ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పండి. రికార్డు చేసుకుంటాను. లేకపోతే రేపు పొద్దున్నకి ఇది కూడా నేను ఊహించుకున్నదే అనిపిస్తుంది."

శేషగిరి మళ్ళీ చెప్పాడు. ఈసారి తేదీతో సహా, మాట మాటా విడదీసి చెప్పాడు. అంతా విని త్రినాథ్ ఒక్క ప్రశ్న అడిగాడు.

"నేను కోస్తున్నప్పుడు మీకు గుర్తు లేదు కదా? ఫోన్ హడావుడిలో మర్చిపోయారు. అంతే కదా అన్నయ్యా?"

అవును అంటే చాలు. అతను అడిగిన తీరులోనే ఆ జవాబు ఉంది. బల్ల మీద ఫోన్‌లో ఎర్ర చుక్క వెలుగుతోంది.

"గుర్తొచ్చింది. మిషను చప్పుడు వినగానే గుర్తొచ్చింది. ఫోన్ అయ్యాక వద్దామనుకున్నాను" అన్నాడు శేషగిరి.

త్రినాథ్ ఎడమ చేతిని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రికార్డింగు ఆపాడు. శ్రీలేఖ శేషగిరి వైపు అసలు చూడలేదు. మొగుడి వైపే చూస్తోంది.

"నాలుగు నెలల నుంచి నిన్ను నేను..." అని ఆగిపోయింది. తరవాత తలుపు వైపు చూస్తూ, "ఆయన్ని వెళ్ళిపొమ్మను" అంది.

వెళ్ళిపోయాడు. ఇంటికి చేరేసరికి సావిత్రికి ఫోన్ వచ్చేసింది. ఆవిడ అరవలేదు. మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఆ వేళ్ళు ఏరింది నేను. నాక్కూడా చెప్పలేకపోయారా?" అంది.

"చెబితే నువ్వు వాళ్ళకి చెప్పేసేదానివి."

"అవును. చెప్పేసేదాన్ని."

ఆ తరవాత ఆవిడ ప్రతి ఆదివారం కూర చేసుకుని ఒక్కతే వాళ్ళింటికి వెళ్ళి వస్తోంది. అక్కడేం మాట్లాడుకున్నారో చెప్పదు. అతను అడగడు. ఇంట్లో కావలసినంత మాటలు మాట్లాడుతుంది. బిల్లు వచ్చింది, బియ్యం అయిపోయాయి, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉంది. అంతకు మించి లేదు.

కేసు వేస్తారేమో అనుకున్నాడు. వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండునని కొన్ని రోజులు అనిపించింది. మార్చిలో మేరీ దగ్గరికి వెళ్ళాడు. ఎవరైనా తిడితే వినాలని వెళ్ళినట్టే ఉంది. ఆవిడ టీ పెట్టి ఇచ్చి, మొదటినుంచి చివరిదాకా వింది.

"విప్పి మర్చిపోవడం నాకూ జరిగింది. దేవుడి దయవల్ల పక్కన ఎవరూ లేరు. కానీ ఆ కుర్రాడు ఆపరేషను బల్ల మీద ఉండగా మళ్ళీ బిగించావు చూడు, అది నేను నీకు నేర్పలేదు" అంది.

అతను తల ఊపాడు.

"నా షెడ్డుకి ఇక రాకు శేషగిరీ. టీ తాగి వెళ్ళు."

ఏప్రిల్లో సావిత్రి ఆ ఊళ్ళోనే ఉండే తన అన్నను పిలిపించి మిషను విప్పించింది. ముక్కలు రీసైక్లింగ్ సెంటర్‌కి పోయాయి. శేషగిరి చూస్తూ నిలబడ్డాడు, సాయం చెయ్యమని ఎవరూ అనలేదు.

మే నెలలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి లువాస్ స్టాపులో నిలబడ్డాడు. వెలుతురు ఇంకా బాగా ఉంది. ప్లాట్‌ఫారం అవతలి చివర త్రినాథ్ కనిపించాడు. భుజానికి బ్యాగు, ఎడమ చెయ్యి కోటు జేబులో. అతనూ చూశాడు. తరవాత నడుచుకుంటూ వచ్చి, రెండడుగుల దూరంలో ఆగాడు.

"కారు నడుపుతున్నాను, పోయిన నెల నుంచి" అన్నాడు.

"మంచిది."

"ఫోటోలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. భయమేసినప్పుడు మీ రికార్డింగు వింటాను. నా కళ్ళు బాగానే పనిచేశాయని మీ గొంతే చెబుతుంది కదా." అతను పట్టాల వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "కానీ అందులో చివరి ముక్క కూడా ఉంది. ఒకటి వినాలంటే రెండోదీ వినాలి."

శేషగిరి ఒక అడుగు ముందుకి వేశాడు. "త్రినాథ్, నేను" అని మొదలుపెట్టాడు.

"వద్దు" అన్నాడు త్రినాథ్, మెత్తగానే. "మొన్న పాప పుట్టినరోజుకి బహుమతి పంపారు. వెనక్కి పంపేశాం. ఇంకేమీ పంపకండి. ఫోన్ కూడా చెయ్యకండి శేషగిరి గారూ."

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ట్రామ్ వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. త్రినాథ్ కుడి చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కి, జనంలోంచి దారి చేసుకుంటూ లోపలికి వెళ్ళి, అవతలి వైపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. శేషగిరి ఎక్కాల్సింది కూడా అదే. ఎక్కలేదు. ట్రామ్ కదిలి వెళ్ళిపోయింది. బోర్డు మీద తరవాతి ట్రామ్ ఏడు నిమిషాలని పడింది. ఆఫీసుల్లోంచి జనం ఒక్కొక్కరే వచ్చి అతని చుట్టూ నిలబడుతున్నారు.